చివరి వరుసలోని రాయి

“ఏవండీ, వచ్చానండీ!”

రాయిని బ్రష్షుతో రుద్దుతున్న టైలరమ్మ చెయ్యి ఆగిపోయింది. వెనక ఒక కండక్టరమ్మ నిలబడి ఉంది. ఖాకీ యూనిఫాం మీదే వచ్చింది. చేతిలో తెల్లపూలు.

“ఎవర్నమ్మా పిలుస్తున్నావ్?”

“మా ఆయన్ని. కాస్త జరగండి.”

“బాగుంది సంబడం! ఇక్కడున్నది మా చిన్నోడు.”

ఆ సైనిక శ్మశానంలో ఏటా ఒకరోజు వాలంటీర్లు వచ్చి సమాధిరాళ్లు కడుగుతారు. కడిగి, పువ్వు పెట్టి, రాతి మీది పేరు పైకి చదవాలి. అదే అక్కడి పద్ధతి. చివరి వరుసలో ఒక్క రాయికి మాత్రం పేరు లేదు. దాని ముందు టైలరమ్మ కొడుకు ముద్దుపేరు పలికేది. ఆమె వచ్చేది పొద్దున్నే. కండక్టరమ్మ వచ్చేది సాయంత్రం, డ్యూటీ దిగాక. ఈసారి డ్యూటీ మారింది. ఇద్దరూ ఎదురుపడ్డారు.

“మావాడు యుద్ధంలో గల్లంతయ్యాడన్నారు. శవం కూడా రాలేదు,” అంది టైలరమ్మ.

“మా ఆయనా అంతే. అదే యుద్ధం.”

“పేరు లేని రాయి ఇదొక్కటే. మావాడిదే.”

“ముందొచ్చి సీట్లో రుమాలేస్తే మీదైపోతుందా?”

గొడవ విని శ్మశానం కాపలాదారు నీళ్ల బకెట్‌తో పరుగెత్తుకొచ్చాడు. అందరూ అతన్ని మీసాల తాత అంటారు.

“నువ్వే చెప్పు బాబాయ్. నేను ఏడుస్తూ వస్తే ఈ రాయి చూపించింది నువ్వేగా?” అంది టైలరమ్మ.

“నాకూ ఈయనే చూపించాడు!”

తాత బకెట్ కింద పెట్టాడు. “అయ్యుండొచ్చన్నానమ్మా. ఇద్దరికీ అదే అన్నాను.”

“అయితే తేల్చేద్దాం,” అంది కండక్టరమ్మ. “ఆఫీసులో ఇదివరకే అడిగాను. సొంతవాళ్లు ఒప్పుకుంటే తవ్వి, ఎముక తీసి పరీక్ష చేస్తారట.”

“పద. నాకేం భయమా?”

“వద్దు తల్లీ!” తాత వాళ్లకు అడ్డంగా నిలబడ్డాడు. “పరీక్ష చేస్తే ఒకళ్లు గెలుస్తారు. ఓడినావిడ రేపు ఎక్కడికెళ్లి ఏడుస్తుంది?”

కండక్టరమ్మ పూలకేసి చూస్తూ ఉండిపోయింది.

“ఆయన వెళ్లేరోజు నేను అలిగి తలుపు తియ్యలేదు,” అంది చివరికి. “బయట నుంచే పిలిచి పిలిచి వెళ్లిపోయాడు. ఇక్కడికొచ్చి ఆయన్ని నేను పిలుస్తుంటే కాస్త నయంగా ఉంటుంది.”

“పిల్లలా?”

“లేరక్కా. ఉన్నది ఆ మనిషే.”

టైలరమ్మ కళ్లు తుడుచుకుంది. “సైన్యంలోకి వెళ్తానంటే మావాడికి నేనే సరేనన్నాను. వద్దని ఒక్కమాట అనుంటే ఆగేవాడు.” పక్కకు జరిగింది. “రా, కూర్చో. నువ్వు నీళ్లు పొయ్యి, నేను రుద్దుతాను. ఏ పరీక్షా వద్దులే.”

కండక్టరమ్మ మోకాళ్ల మీద కూర్చుని నెమ్మదిగా నీళ్లు పోసింది.

“ఇద్దరూ ఇక్కడే ఉన్నారనుకుందాం, ఒకరికొకరు తోడుగా,” అంది టైలరమ్మ.

“మా ఆయన గురకకి మీవాడికి నిద్రుండదక్కా.”

టైలరమ్మ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ఇద్దరూ పూలు పెట్టారు. ఒకరు “చిన్నోడా” అన్నారు, ఒకరు “ఏవండీ” అన్నారు.

వెళ్తూ వెళ్తూ కండక్టరమ్మ తాత చేతులు పట్టుకుంది. “తవ్వనివ్వలేదు. మంచిపని చేశావు బాబాయ్.”

వాళ్లు గేటు దాటేదాకా తాత తలెత్తలేదు. ఒకప్పుడు పెద్దాఫీసర్లు తనిఖీకొస్తున్నారని, చివరి వరుస బోసిగా కనపడకూడదని, మిగిలిపోయిన రాయినొకదాన్ని తెచ్చి అక్కడ పాతింది అతనే.

దాని కింద ఎవరూ లేరు.