ముందు గిన్నెకి

వంటింటి అలమరలో, ఉప్పు జాడీ పక్కన, గాజుగిన్నెలో కోటిలింగం మెదడు కణితి ముక్క పెరుగుతోంది. దానికి మేతపెట్టి కాపాడే చుట్టుపక్కల కణాలనూ ఆసుపత్రివాళ్లు అందులోనే పెంచారు. ఇప్పుడు ఏ మందైనా ముందు గిన్నెకి, తర్వాతే మనిషికి. ఇదివరకటి మందులకు రెండు గిన్నెల్లో మంచి కణాలతో సహా అన్నీ మాడిపోయాయి. భార్య సుభద్ర రోజూ దానికి తిండినీళ్లు పోస్తుంటే కోటిలింగం తిట్టుకుంటూ మొహం తిప్పుకునేవాడు.

ఇవాళ నర్సు వచ్చి గిన్నెను వెలుతురులో పట్టి చూసింది. “బాబాయ్, కొత్త మందుకి పక్క కణాలు కణితికి మేతపెట్టడం ఆపేశాయి. కణితి ఎండిపోయింది, మంచి కణాలే మిగిలాయి. ఇక ఈ మందు నువ్వు వేసుకోవచ్చు. గిన్నె ఇవ్వు, పారేస్తాను.”

“పారేస్తావా? తోడబుట్టినోళ్లలో ఒక్కడన్నా నామీద పడే దెబ్బ కాశాడా? ఇది కాసింది. ఉండనీ.”

“ఇన్నాళ్లూ తిట్టిందెవరో!” అంటూ సుభద్ర అన్నం వడ్డించబోయింది.

కోటిలింగం కంచానికి చెయ్యి అడ్డం పెట్టాడు.

“ముందు దానికి పొయ్యవే.”