టక్కుకో ముద్ద

ఆళ్లగడ్డలో దేవదానం రేడియో విప్పినాడంటే, లోపల పాడే మనిషి బయటికొచ్చి, చెమట తుడుచుకొని, మళ్లా లోపలికి పోయి పాట అందుకునేటోడంట. అంత చెయ్యి అది. తమ్ముడు పౌలు నల్లమలలో తప్పిపోయినప్పట్నుంచి మాత్రం దేవదానం మొద్దుబారిపాయె. టీ గ్లాసు చేతికిస్తే పట్టుకోని ఉంటాడు. తాగమంటేగానీ తాగడు.

పౌలుది అడవిలో కావలి పని. సెల్ ఫోన్లు ఊర్లోకి వచ్చినా అడవిలోకి ఇంకా పోని కాలం. చేతిలో వైర్లెస్ సెట్టే దిక్కు. బ్యాటరీ దండగ కాకుండా కావలోళ్లు దీపాల వేళకే సెట్టు ఆన్ చేస్తారు. అదీ రవ్వంత సేపు.

జోరువానలో లోపలికి పోయినోడు తిరిగి రాలే. వెదికినోళ్లకు వాని టవాలు దొరికె, వాడు దొరకలే.

"ఇంక లేడప్పా," అనిరి ఊర్లో.

ఆ మాట ఇన్న పూటనుంచి వాని పెండ్లాం జయమ్మ కూడు ముట్టకపాయె. నిండు కడుపుతో ఉన్న మనిషి. ఎవరు బతిమాలినా పళ్లెం అవతలికి తోసె. దేవదానం తన రిపేరు అంగట్లోని పాత వైర్లెస్ సెట్టొకటి తెచ్చి ఆమె ఇంట్లో గూట్లో పెట్టె. ఎప్పుడన్నా పలుకుతాదేమోనని.

పలికె. దీపాల వేళకు. టక్. టక్. టక్.

జయమ్మ దిగ్గున లేసె. "నా మొగుడే! సెట్టు మీట నొక్కుతాండాడు!"

"మాట్లాడడేందీ మరి?" అనె పక్కింటి రంగనాయకమ్మ.

"మైకు తడిసింటాదిలే," అనె దేవదానం, గోడవతల అంగట్లోనుంచి.

ఆ పూట జయమ్మ టక్కుకో ముద్ద తినె. అప్పట్నుంచి అదే వరస. టక్కులు నిలిస్తే చెయ్యి కడిగేస్తాది. టక్కులు కూడా పళ్లెం ఖాళీ అయ్యేదాకా నిలిచేవి కావు.

"పక్కన పండుకునేటోడు నాకు మంచినీళ్లియ్యడు. నీ మొగుడు అడవిలోనుంచే గోరుముద్దలు పెడతాండాడు గదమ్మే!" అని రంగనాయకమ్మ ఎకసెక్కం. జయమ్మ కూడా నవ్వె. దేవదానం ఆ వేళకు ఇంట్లో ఉండడు. చూడలేనని, గోడవతల అంగట్లో తలుపేసుకొని కూసుంటాడు.

ఈ సంగతి నంద్యాల దాకా పాకె. ఆడ ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే రమాదేవి మేడం మూడు పెట్టెలేసుకొని జీపు దిగె. అవీ రేడియోలేనంట. స్టేషన్ తిప్పే చక్రం లేదు, ముల్లు లేదు. కంప్యూటరు ఏం చెప్తే అది ఇంటాయి.

"ఒకటి మా కాలేజీ మిద్దె మీద, ఒకటి ఈడ చర్చి మీద, ఒకటి అహోబిలం కొండ మీద," అనె మేడం. "మూడిటికీ పైన తిరిగే ఉపగ్రహమే గడియారం. రెప్పపాటు తేడా లేకుండా ఒకేసారి ఇంటాయి. ఇన్నదంతా తెచ్చి ఒకదానిమీద ఒకటి సరిగ్గా పేరిస్తే, ఒక్క చెవికి అందని మాట మూడు చెవులకు అందుతాది. మనిషి యాడున్నాడో కూడా చెప్తాది."

ఆమె ఇంకో మాట గట్టిగా చెప్పె. "ఆ వేళ ఊర్లో ఎవరూ సెట్టు నొక్కకూడదు. దగ్గరి సెట్టు దూరందాన్ని మింగేస్తాది."

"నేను అంగట్లోనే ఉంటా మేడం," అనె దేవదానం.

"కొండమీదికి ఎవరు పోతారన్నా మరి? మిగతా రెండుచోట్లా మా కాలేజీ వాళ్లుంటారు. ఆ రాళ్లల్లో వైరు తెగితే నువ్వేగదా అతికేది."

"పో బావా," అనె జయమ్మ. "తమ్మునికోసం గాక ఇంకెవరికోసం పోతావ్?"

పాయె. పెట్టె పక్కన బండమీద కూసునె. పొద్దు గూకె. దిగువన దీపాలు ఒక్కోటి వెలగబట్టె. జయమ్మ పళ్లెం ముందర కూసునుంటాది. పెట్టెలో వట్టి హోరు. దేవదానం రెండు చేతులూ తొడల కింద పెట్టుకొని, అట్లనే ఉండిపాయె. చీమలు కాలెక్కినా దులుపుకోలే.

ఆ పూట జయమ్మ ఇంట్లో సెట్టు పలకలే. అన్నం పళ్లెంలోనే గడ్డకట్టె. ఆడోళ్లు ఏడుపు ఎత్తుకునిరి. పాస్టరయ్య వచ్చి మెల్లగా ప్రార్థన మొదలుపెట్టె.

తెల్లారి జీపు నంద్యాలకు పోతాంటే జయమ్మ కూడా ఎక్కె. "వాని ఆఖరి హోరన్నా ఇంటా," అనె.

కాలేజీలో మొదటి పెట్టె ఇన్నది పెట్టిరి. పెనం మీద నీళ్లు చల్లినట్టు చుయ్యిమనె. రెండోదీ అంతే. దేవదానం తెచ్చిందీ అంతే.

మేడం గడియారాలు కలిపి మూడిటినీ ఒకదానిమీద ఒకటి పేర్చె. హోరు తగ్గుతా వచ్చె. లోపల ఏదో కదిలె. టక్కులు గాదు. గొంతు.

"...కాలిరిగింది... బండ కింద గవిలో ఉండా... వాననీళ్లే తాగుతాండా..."

జయమ్మ బల్ల పట్టుకునె. తెరమీద అహోబిలం ఆవల ఒక చుక్క వెలిగె. జీపు డ్రైవరు అప్పుడే తాళాలు చేతికి తీసుకునె. మేడం ఇంకొంచెం సరిచేసె. గొంతు తేటపడె.

"ఈ పొద్దన్నా ఇనపడతాండానా? రోజూ మొత్తుకుంటాండా. ఎవడప్పా వాడు, నేను నోరు తెరిచేటప్పటికి టక్కు టక్కని అడ్డం పడతాడు?"

అందరూ ఒకరి మొగం ఒకరు చూసుకునిరి. దేవదానం మాత్రం, దినామూ దీపాల వేళకు అంగడి తలుపేసుకొని సెట్టు నొక్కిన తన బొటనవేలును చూసుకుంటా ఉండె.