ముక్కు కిందికి పెట్టిన కారు

గున్వోర్ కాఫీ కప్పు ఎత్తిందో లేదో, కిటికీలోంచి వెలుతురు వచ్చి మొహాన కొట్టింది.

మళ్లీ పైఇంటి ఓడ్వార్ కారే.

ఉత్తర ధ్రువానికి దగ్గరున్న ట్రోమ్సో ఊళ్లో చలికాలం పొద్దున అంటే చీకటే. సూర్యుడు నెలల తరబడి మొహం చూపించడు. ఆ చీకట్లోనే ఆమె మంచు పట్టిన రాతిమెట్లు దిగి, రేవు దగ్గరున్న తన చేపల కొట్టు తెరవాలి.

అరవై దాటిన ఒంటరి మనిషి. కాళ్లు ఆడితేనే కొట్టు ఆడుతుంది. కొట్టు ఆడితేనే ఆమె ఎవరి పంచనా చేరకుండా బతుకుతుంది. ఆమె బతుకు లెక్క అంతే.

ఆ కొండవాలు మీద అందరూ కారును పైరోడ్డు నుంచి వెనక్కి దించి, ముక్కు పైకి ఉండేలా నిలుపుతారు. పొద్దున మంచులో తిన్నగా ఎక్కి పోవడానికి అదే లాభం.

ఓడ్వార్ ఒక్కడే ముక్కు కిందికి పెడతాడు. అంటే, సరిగ్గా ఆమె ఇంటి వైపు.

పోనీ ఎక్కడికైనా వెళతాడా అంటే అదీ లేదు. రోజూ పొద్దున్నే కారులో కూర్చుంటాడు. ఇంజను వేస్తాడు, లైట్లు వేస్తాడు. కాసేపటికి ఆర్పేసి లోపలికి పోతాడు.

ఇంత దండగ ఖర్చు చేసే మనిషిని గున్వోర్ తన వ్యాపారంలో చూడలేదు. ఎందుకని మాత్రం అడగలేదు. ఆ వీధిలో పొరుగువాళ్లను ఎవరూ కారణాలు అడగరు.

ఒక శనివారం ఓపిక చచ్చి, ఎక్కి వెళ్లి ఆయన తలుపు తట్టింది.

ఓడ్వార్ తలుపు తీశాడు. లోపలికి రమ్మనలేదు. ఆమె మొహంకేసి కాకుండా భుజం మీదుగా ఎటో చూస్తూ నిలబడ్డాడు. పొగరు కాబోలనుకుంది.

"కారు ముక్కు పైకి పెట్టుకోండి. బ్రేకు జారితే తిన్నగా నా వంటింట్లోకి వస్తుంది."

"ఎటు పెట్టినా జారితే కిందికే గదమ్మా వచ్చేది."

"వెనక్కి వస్తే కనీసం లైట్లు మొహాన కొట్టవు."

ఆయన నవ్వాడు. ఏదో చెప్పబోయి ఆగాడు.

"లైట్లు మరీ అంత ఇబ్బందిగా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"అయితే రేపు తిప్పిస్తాను."

అన్నమాట ప్రకారం మర్నాటికి కారు తిరిగింది. సోమవారం గున్వోర్ ప్రశాంతంగా కాఫీ తాగింది. బేరం గెలిచానని సంతోషపడింది.

ఆ వారంలోనే మెట్ల మలుపు దగ్గర జారి పడింది.

మణికట్టు విరిగింది. సరిగ్గా కాడ్ చేపలు ఒడ్డుకు దిగే రోజులు. కొట్టుకు తాళం పడింది. ఏడాది సంపాదనలో సగం తెచ్చే సీజను కళ్ల ముందే పోతూ ఉంది.

కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని వంటింట్లో కూర్చుని ఆలోచించింది. బూట్లు అవే, వాటి కింద మేకుల పట్టీలు అవే, మంచూ అదే. ఇన్ని చలికాలాలు పడనిది ఇప్పుడే ఎందుకు పడింది?

ఎంత లెక్కేసినా మారినది ఒక్కటే.

ఆ లైట్లు ఆమె కిటికీని దాటి మెట్ల మీద పడేవి. మలుపు దాకా ప్రతి మెట్టూ కనబడేది. ఆమె మెట్లు దిగి కింది రోడ్డు చేరాకే అవి ఆరేవి. ఆరడం గుర్తుంది గానీ, ఎప్పుడు ఆరేవో ఏ రోజూ పట్టించుకోలేదు.

కాస్త తేరుకున్నాక, పొగబెట్టిన చేప కాగితంలో చుట్టుకుని పైకి ఎక్కింది. సంజాయిషీలు చెప్పడం ఆమెకు రాదు. కారు మళ్లీ ముక్కు కిందికే పెట్టమని అడుగుదామనుకుంది. ఆయనకు అర్థమవుతుందిలే అనుకుంది.

ఓడ్వార్ వాకిట్లో జెండా సగం కొయ్య మీదే ఎగురుతోంది.

ఆ ఊళ్లో దాని అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు.

తలుపు తీసినవాడు మేనల్లుడు తెర్యే. మామయ్య ఆసుపత్రిలో నిద్రలోనే పోయాడని చెప్పాడు. ఆమె చేతి కట్టు చూసి అడిగాడు.

"కింద చేపల కొట్టు ఆవిడ మీరేనా?"

ఆమె తలూపింది.

"నేను ఆదివారాలు వచ్చి, బ్యాటరీ చచ్చిపోకుండా కారును ఓ చుట్టు తిప్పి నిలిపేవాణ్ణి. ముక్కు కిందికే ఉండాలని మామయ్య పట్టు. ఆయన ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మీరు మెట్ల మీద జారి పడబోయి, ఊరందర్నీ తిట్టుకోవడం విన్నాడట. ఆ తర్వాత రోజూ ముందే లేచి, లైట్లు వేసుకుని మీ గొళ్లెం చప్పుడు కోసం కాచుకునేవాడు."

గున్వోర్ వెనక్కి తిరిగి కారు వంక చూసింది.

"ఒక్క ముక్క నాతో అనకూడదూ?"

"అంటే మీరు మొహమాటపడి వద్దంటారని."

"ఒకరు కాపలా కాయాల్సినంత దిక్కులేనిదాన్నేం కాదు. ఆ చలిలో ఆయన కూర్చోవడమెందుకు? లైట్లు వేసి లోపలికి వెళ్లొచ్చు గదా."

తెర్యే చేప పొట్లాం అందుకుని, మెల్లగా అన్నాడు.

"అలా ఎలా వెళతాడండీ? ఈ ఇంటికి రాకముందే మామయ్యకు రెండు కళ్లూ పోయాయి. మీ అడుగులు కింది రోడ్డు చేరేదాకా చెవి పెట్టి వినాలి గదా. లైట్లు వెలిగాయో లేదో కూడా, కారు దిగి వాటి అద్దం మీద అరచెయ్యి ఆనించి వేడి తగిలితేనే నమ్మేవాడు."