ఏడుపు విన్న గోడ

భర్త కోటిలింగం చనిపోయినందుకు బీమా సొమ్ము పది లక్షలు జమ చేశామని వంటింటి గోడ చెప్పేసరికి, ఆ భర్తకే ఇడ్లీలు వడ్డిస్తున్న భ్రమరాంబ ఉలిక్కిపడింది.

తెనాలిలో ఇప్పుడు ప్రతి గోడకూ బీమా కంపెనీ చెవి ఉంది. ఇంట్లో ఏడుపు వినిపిస్తే, ఎవరూ అడగకుండానే డబ్బు పంపేస్తుంది.

కంపెనీ ఆఫీసుకు వెళ్దామని కోటిలింగం వాకిట్లో ఉన్న తన ఆటో దగ్గరికి పరిగెత్తాడు. చనిపోయినవాడి వేలిముద్రకు ఆటో కదలనంది.

"రూపాయి ముట్టుకోమాకయ్యా. ఈ డబ్బు మన దగ్గరున్నన్నాళ్లూ నువ్వు పోయినట్టే," అంటూ భ్రమరాంబ పాలసీ కాగితం మీది నంబరుకు ఫోన్ చేసింది.

"వెనక్కి తీసుకుంటామమ్మా," అంది కంపెనీ గొంతు. "కానీ మొన్న మీ ఇంట్లో ఒకావిడ మొగుడు పోయాడని గంటసేపు ఏడ్చింది. ఆవిడెవరో చెబితేనే ఆయన్ని బతికున్నట్టు రాస్తాం."

"మొన్న నేను మా అమ్మగారింట్లో ఉన్నా! ఎవరయ్యా అది?"

కోటిలింగం తల వంచుకున్నాడు.

"నేనేనే. నాటకంలో రాజు వేషమని నీకు గొప్పలు చెప్పాను గానీ, నాకిచ్చింది రాణి వేషం. రాజు పోయాక ఏడ్చే సీను సాధన చేశా. పది లక్షలిచ్చారంటే, బాగానే ఏడ్చినట్టున్నా కదే!"