తివాచీ పువ్వు

"ఇంక ముట్టలే," అంది అండాలమ్మ మేడ మెట్లు దిగి వస్తూ.

ముందు గదిలో కూర్చున్న చుట్టాలు తలలు దించుకున్నారు. అంతా నల్గొండ పల్లెల నుంచి బంద్‌లో పడి నానా అవస్థలతో ఎల్బీనగర్ చేరినవాళ్ళే. పొద్దుటి నుంచి ఎవరూ మంచినీళ్ళు కూడా తాగలేదు. వాడు తినందే వీళ్ళు తినరు.

"తలకాయ కూర ఒండిన. బగార ఒండిన. ఆనికి పానమని గులాబ్‌జామున్ గూడ చేసిన. ఒక్క మెతుకు ముట్టకపాయె," అంటూ ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె తమ్ముడు బక్కయ్య మట్టయ్య వైపు తిరిగాడు. "బావా, అభిలాష్ నీ మీదనే అలిగిండు. ఆడు ఏం కోరిండో జర యాది చేసుకో."

మట్టయ్యకు గుర్తు చేసుకునే పనే లేదు. గోడవారన ఉప్పునీటి అక్వేరియం ఎదురుగానే ఉంది. కొడుకు తన చదువుకంటే ఎక్కువ శ్రద్ధగా చూసుకున్న తొట్టి అది. అందులో సముద్రపు రాళ్ళు, ఇసుక, నారింజ రంగు మీద తెల్ల చారల జోకర్ చేప. ఆ చేపకు ఇల్లు కావాలన్నాడు అభిలాష్. కార్పెట్ అనిమొనీ అట. ఇసుక మీద తివాచీ పరిచినట్టు విచ్చుకునే జీవి. చూడ్డానికి పువ్వులాగే ఉంటుంది, దగ్గరికొచ్చిన చేపను కుట్టి మింగేస్తుంది. జోకర్ చేపను మాత్రం ఒళ్ళో పడుకోబెట్టుకుంటుందట.

"ఉన్నయాటికే కరెంటు ఉంటలేదు. దాన్ని గూడ తెచ్చి సంపుతవారా?" అని కసిరాడు మట్టయ్య, కొడుకు ర్యాలీకి పోతూ బూట్లు వేసుకుంటుంటే. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇంత కోపం పెట్టుకుంటాడనుకోలేదు.

లేచి చెప్పులేసుకున్నాడు.

దిల్‌సుఖ్‌నగర్ దాకా నడకే. బస్సుల్లేవు. ఆయన ఆర్టీసీ డిపోలో మెకానిక్, బస్సులు ఆపిన సమ్మెలో తనూ ఒకడు. ఎవర్నీ తిట్టుకునే వీలు కూడా లేదు.

అక్వేరియం దుకాణం షట్టర్ సగం లేచి ఉంది. యజమాని రామారావు లోపల చేపలకు మేత వేస్తున్నాడు.

"చేపలకి బంద్ అంటే తెలీదు కదండీ. రెండ్రోజుల్నుంచీ వీటితోనే కాపురం, గడప దాటలేదు. అభిలాష్ రాలేదేంటండీ?"

మట్టయ్య తొట్ల వైపు తిరిగాడు.

"అలిగిండు," అన్నాడు. "ఏం బెట్టినా ముడుతలేడు. ఆ తివాచీ పువ్వు ఇయ్యి సారూ."

రామారావు నవ్వాడు. "ఈ వయసు పిల్లలతో అంతేనండీ. ఇదిగో, ఈ ఆకుపచ్చది తనే చూసి పెట్టుకున్నాడు. ఇంకెవరికీ ఇవ్వొద్దని మరీ చెప్పాడు. జాగ్రత్తండీ, ఒక్కసారిగా మీ నీళ్ళలో వేసేస్తే తట్టుకోలేదు."

"ఎరికే. సన్న పైపుతోని మా నీళ్ళు సుక్కసుక్క కలపాలె. పంపు బంజేయాలె, లేకుంటె గుంజుకుంటది. చేత్తోని పిసకొద్దు."

అన్నం తినేటప్పుడు కొడుకు రోజూ చెప్పిన పాఠమే. విననట్టే తినేవాడు. అంతా చెవిలో పడే ఉంది.

కొత్తపేట దగ్గర రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయి. అడ్డంగా కూర్చున్న కుర్రాళ్ళలో ఒకడు కేకేశాడు. "ఓ కాక, గా కవర్ల ఏంది?"

పక్కవాడు గుర్తుపట్టాడు. "అరే, అభిలాష్ వాళ్ళ నాయినరా."

నినాదాలు ఆగిపోయాయి. అందరూ లేచి నిలబడ్డారు. ఒకతను బండి తెచ్చి, "కూసో కాక, ఇంటికాడ దించుత," అన్నాడు.

ఇంట్లో కరెంటు ఉంది. అదే పదివేలు. మట్టయ్య పంపు ఆపి, లైట్ తగ్గించి, కవర్లోకి సన్న గొట్టం దించాడు. బస్సు ఇంజన్లు విప్పి బిగించే చేతులకు ఆ గొట్టం చిక్కలేదు. బక్కయ్య వచ్చి పట్టుకున్నాడు. చుట్టాలు ఒక్కొక్కరే తొట్టి చుట్టూ చేరారు.

చాలాసేపటికి పువ్వును ఇసుక మీదికి జార్చారు. అది పిండిన గుడ్డలా ముడుచుకుని ఉండిపోయింది.

"పొద్దు గూకుతె కష్టం బావా," అన్నాడు బక్కయ్య కిటికీలోంచి చూస్తూ.

"బతుకుతదా?" అంది అండాలమ్మ తొట్టి మీదికి వంగి.

మట్టయ్య అద్దానికి నుదురు ఆనించి కూర్చున్నాడు. ముడతలు మెల్లగా వదులయ్యాయి. అంచులు లేచాయి. ఆకుపచ్చ తివాచీ ఇసుక మీద పరుచుకుంది. జోకర్ చేప అంచు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళి, ఒళ్ళు ఆనించి చూసి, లోపలికి దూరిపోయింది.

మట్టయ్య చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"అండాలు, ఇంకోసారి పెట్టి సూద్దాం."

అందరూ మేడెక్కారు. అండాలమ్మ అన్నం, కూర కొత్తగా వడ్డించి వెనక్కి జరిగింది. మట్టయ్య చేతులు జోడించాడు.

"తెచ్చిన బిడ్డా. నీ చేప దాంట్లకే పోయింది. దాన్ని సావనియ్య, నేను సూసుకుంట. కోపం ఇడిసి ఇంత తిను కొడుకా."

పిట్టగోడ మీంచి ఒక కాకి దిగి వచ్చి, అభిలాష్ ర్యాలీలో చనిపోయిన మూడో రోజున వాడి పేరిట పెట్టిన ముద్దను ముట్టింది.