పాత కొలత

“ఆ పార్టీ చొక్కాలు నా మిషను మీద కుట్టనంటే కుట్టను!” దర్జీ గుడ్డ తానును తమ్ముడి మీదికి నెట్టేశాడు.

“యుద్ధానికి యూనిఫారాలు కుట్టినప్పుడు లేని పట్టింపు ఇప్పుడెందుకన్నయ్యా?”

“యుద్ధంలో ఓడిపోయాం, నిజమే. దానికి పక్కవీధి వాళ్లేం చేశారని వాళ్ల కొట్లు తగలబెడుతున్నార్రా మీరు?”

“ఎవరో ఒకరు చేసుండాలిగా! ఏడాదిగా ఫ్యాక్టరీ గేట్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగాను. ఒక్కడైనా లోపలికి రమ్మన్నాడా?”

వీడికి చెప్పడం కంటే గోడకు చెప్పుకోవడం నయం.

“సరే, నీ ఒక్కడికే కుట్టి పడేస్తా. ఆ తర్వాత నా గుమ్మం తొక్కకు!”

దర్జీ విసురుగా కొలతల పుస్తకం తీశాడు. తమ్ముడు సైన్యంలోకి వెళ్లేముందు రాసుకున్న కొలత అందులో ఉంది. ఛాతీ ముప్పై ఎనిమిది. ఎందుకైనా మంచిదని టేపు చుట్టి చూశాడు.

ముప్పై నాలుగు.

పొరబడ్డాననుకుని మళ్లీ చుట్టాడు. అదే ముప్పై నాలుగు.

“ఇదేంట్రా? రోజూ బయట తినొచ్చానని చెప్పేవాడివిగా?”

“చెప్పాను. నువ్వు నమ్మేశావు.” తమ్ముడు తల తిప్పుకున్నాడు. “పార్టీ వాళ్లు నమ్మలేదన్నయ్యా. ముందు కంచం పెట్టారు. చొక్కా మాట తర్వాతే ఎత్తారు.”