గుగ్గిలం ముఖం

"తమ్ముణ్ణి చంపించినోడికే బొమ్మ చెక్కుతావా? సిగ్గులేదా ఏందయ్యా?" అని దుర్గి ఊరి శిల్పి కాళాచారిని నలుగురిలో నిలదీశాను. కూలి పెంచమన్నందుకు అతని తమ్ముడి తలమీద గొడ్డలి దింపించింది మా ఊరి ప్రెసిడెంటు నరసయ్యేనని అందరికీ తెలుసు. సాక్ష్యానికి మాత్రం ఒక్కడూ రాలేదు. కోర్టు కేసు కొట్టేసింది. కోర్టు కొట్టేస్తే మనమూ మరిచిపోవాలా?

కాళాచారి ఉలి ఆపలేదు. "ఎండన పడొచ్చారు, కూర్చోండి మాస్టారూ," అన్నాడు.

ఎనభై ఆరు మే నెలలో, బతికుండగానే బజార్లో తన విగ్రహం నిలబెట్టించుకున్నాడు నరసయ్య. మంత్రి రాక ఆలస్యమైంది. నల్లగుడ్డ కింద విగ్రహం పొద్దుటినుంచీ ఎండకు మాడింది. చివరికి మంత్రి వచ్చి గుడ్డ లాగితే, దానికి అంటుకుని ముఖం కూడా ఊడొచ్చింది!

రాయి పెచ్చులేస్తే శిల్పులు గుగ్గిలం, మైనం, రాతిపొడి కలిపి పూడుస్తారు. ఎండకు మెత్తబడే ఆ ముద్దతోనే కాళాచారి నరసయ్య ముఖమంతా చేశాడు. దాని కింద రాతిలో చెక్కింది పుర్రె. కళ్లగుంటలూ దవడా పళ్లూ డాక్టర్లు చదివే బొమ్మలో ఉన్నట్టే ఉన్నాయి.

"ప్రెసిడెంటుగారూ, అచ్చం మీరే! చానా బాగుంది!" అని ఎవడో అరిచాడు. జనం పగలబడి నవ్వారు.

నరసయ్య మాత్రం పుర్రె నడినెత్తిన ఉన్న గొడ్డలి చీలికనే చూస్తున్నాడు. "ఒరేయ్, పగలగొట్టండిరా ఆ తల!" అని కేకపెట్టాడు.

కాళాచారి సుత్తి తెచ్చి అతని చేతికందించాడు.

"ఈసారి నువ్వే కొట్టు నరసయ్యా. సాక్ష్యానికి ఊరంతా ఉంది."